ఉద్యోగార్థి యగు నరేంద్రుడు

విద్య ముగియు తరుణమున విద్యార్థికి పాఠ్యగ్రంథములలో లేని పరీక్ష యొకటి ఎదురగుచున్నది. బల్ల కావలివైపున ముగ్గురో నలుగురో కూర్చుండి, అంతవరకు తామెన్నడును చూడని యువకుని అరగంటలో తూచి చూచు పరీక్ష యది. కొల్‌కతా నగరమున 1961లో నెలకొల్పబడి నేడు జోకాలో నున్న మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ మొదలు సాల్ట్‌లేక్ అయిదవ సెక్టారులోని కంప్యూటరు సంస్థల వరకు ఇది జరుగుచునే యున్నది. దీనికై విద్యార్థులు కళాశాలలోనే తర్ఫీదు పొందుచున్నారు. దరఖాస్తు వ్రాయు విధము, ప్రశ్నను పూర్తిగా విని పిదప పలుకు పద్ధతి, తోటివారినే పరీక్షకులుగా కూర్చుండబెట్టి జరుపుకొను మాదిరి ఇంటర్వ్యూలు, ఇవన్నియు నేర్వదగినవే. ఆధ్యాత్మికజీవనమును గోరువాడు వీనిని లక్ష్యపెట్టరాదని కొందరు తలంతురు. అది సోమరితనమునకు వైరాగ్యమని పేరిడుట. గీతాచార్యుడు పనిలోని నేర్పును యోగమునకు వెలిగా నుంచలేదు గదా!

అయినను ఈ శిక్షణలో నొక చిక్కు కలదు. ఎట్లు కనబడవలెనో నేర్చుచు నేర్చుచు విద్యార్థి తానెవడో మరచును. లోపమేమని పరీక్షకులు అడిగినచో, గుణమునే లోపముగా వేషము మార్చి చెప్పుమని బోధించువారున్నారు. చేయని పనిని చేసినట్లు పత్రమున చేర్చుమని ప్రోత్సహించు మిత్రులున్నారు. వీనికంటె దారుణమైనది మరియొకటి యున్నది: ఎంపిక కానినాడు తాను నిష్ప్రయోజకుడనని నమ్ముట. తండ్రి చేసిన అప్పులు, చెల్లెలి చదువు, ఇంటి అద్దె, సర్వము ఆ యొక్క ఉద్యోగముపై ఆధారపడి యున్న యింట ఈ నమ్మకము బాలుని ప్రాణములమీదికి కూడ తెచ్చును.

ఇదే నగరమున 1884వ సంవత్సరమున ఒక పట్టభద్రుడు ఇట్టి దశయందే యుండెను. అతడు నరేంద్రనాథ దత్తుడు. పిదప లోకము వివేకానందస్వామి యని పిలిచిన వాడు. బి.ఏ. పరీక్ష వ్రాసిన కొలది కాలమునకే, ఆ యేడు ఫిబ్రవరి మాసమున, హైకోర్టు అటార్నీ యగు తండ్రి విశ్వనాథ దత్తు ఆకస్మికముగ కాలధర్మము నొందెను. తండ్రి ఆర్జన ఎక్కువ, వ్యయము అంతకంటె ఎక్కువ. ఇంట మిగిలినవి ఋణములు. తల్లి భువనేశ్వరీదేవి, కడగొట్టు తమ్ముడు భూపేంద్రునకు నాలుగేండ్లైన నిండలేదు. దాయాదులు ఇంటికై వ్యాజ్యము వేసిరి. మైల దినములు గడువకమునుపే నరేంద్రుడు దరఖాస్తు చేతబట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో, మండుటెండలో కార్యాలయమునుండి కార్యాలయమునకు తిరుగజొచ్చెను. ప్రతి ద్వారమునను లేదనియే సమాధానము. ఇంట అందరికి చాలినంత అన్నము లేదని గ్రహించిన ఉదయములందు, బయట భోజనమునకు పిలుపున్నదని తల్లితో చెప్పి పస్తుండెడివాడు.

విద్యార్థి లోకము ఇచ్చట ఒక క్షణము నిలిచి చూడవలెను. ఆ నగరమున అతనిని మించిన అభ్యర్థి యెవడు? ప్రిన్సిపాలు హేస్టీ మెచ్చిన మేధ, సంగీతము, వాక్పటిమ, వ్యాయామముచే బలిసిన దేహము, అన్నియు గలవు. తొమ్మిదేండ్ల పిదప చికాగో సభను ముగ్ధము చేయబోవు కంఠమే ఆనాడు గుమాస్తాగిరి కొరకు అర్థించెను, ఎవ్వరును వినలేదు. నిరాకరించిన వారందరు దుర్మార్గులును కారు; వారికి ఖాళీలు లేకుండవచ్చును, తెలిసినవారి పిల్లలు ముందుగనే వచ్చియుండవచ్చును. ఎంపికయందు యోగ్యత యొక కారణము మాత్రమే. ఒక దినమున పాదములు బొబ్బలెక్కి, మైదానమున ఆక్టర్లోనీ స్తంభపు నీడలో అతడు కూలబడెను. (దానికి 1969లో షహీద్ మీనార్ అని పేరు మారినది.) ఓదార్చ నెంచి మిత్రుడొకడు భగవత్కృపనుగూర్చి పాట నెత్తుకొనగా నరేంద్రునకు కోపము వచ్చెను. ఆకలి యెరుగనివారికి ఆ పాట ఇంపుగా నుండునని అతడు కటువుగా మందలించెను. భక్తులు దీనిని చదివి నొచ్చుకొన నవసరము లేదు. ఉద్యోగము దొరకని కుమారునకు వేదాంతము చెప్పబోవు తండ్రులకు ఇది మంచి పాఠము.

ఆ దినములలోనే వక్రమార్గమున ధనమార్జించు పాత సహవాసులు కొందరు అతనిని తమలో చేరుమనిరి. ధనవతి యగు స్త్రీ యొకతె తన సంపదను ఎరగా చూపెను. రెంటిని త్రోసివైచెను. నేటి విద్యార్థికి వచ్చు ప్రలోభము ఇంత పెద్దది కాకపోవచ్చును, అర్హతాపత్రమున ఒక్క అబద్ధపు వాక్యము మాత్రమే కావచ్చును. కాని ఆ వాక్యముతో లభించిన కుర్చీలో కూర్చుండువాడు దినదినము దానిని కాపాడుకొనుచు బ్రతుకవలెను. తెలియని ప్రశ్నకు తెలియదని తిన్నగా పలికి మరుసటి ప్రశ్నకు సిద్ధపడువాని కంఠము వణకదు. వణకినను దోషము లేదు. 1893 సెప్టెంబరు 11వ తేదీన చికాగోలో నరేంద్రుని గుండె దడదడలాడెను, నోరెండెను. తన వంతు వచ్చినప్పుడెల్ల వాయిదా వేసి, తుదకు సరస్వతికి మనసున మ్రొక్కి లేచెను.

పరీక్ష యనునది ఒకవైపుననే జరుగునదను భావము కూడ సరికాదు. దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు తమ కడకు వచ్చు యువకులను నిశితముగా పరిశీలించెడివారు. అవయవముల తీరు, ముంజేతి బరువు, భుజించు విధము సైతము గమనించెడివారు. ఒకమారు నెలకు పైగా నరేంద్రునితో మాటయైన నాడలేదు. అతడు మాత్రము వచ్చుచునే యుండెను. ఏల వచ్చుచున్నావని తుదకు అడుగగా, ప్రేమచే వచ్చుచున్నానని బదులిచ్చెను. అట్లు పరీక్షించిన గురువే, నాణెములను మ్రోగించి చూచు షరాబువలె తమ్మును పరీక్షింపుమని శిష్యులకు చెప్పిరి. నరేంద్రుడు వారి పరుపు క్రింద రూపాయిని దాచి పరీక్షించినప్పుడు ఆగ్రహింపక ఆనందించిరి. కావున అభ్యర్థియు తనను పిలిచిన సంస్థను వినయముగా ప్రశ్నింపవచ్చును: అచటి పని యెట్టిది, అది ధర్మమునకు లోబడినదేనా యని.

ఎన్నుకొనువారికిని ఒక ధర్మము కలదు. కలకత్తా విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలరుగా పేరొందిన అశుతోష్ ముఖర్జీ ప్రతిభ యెచట నున్నను వెదకి తెచ్చిన మహానుభావుడు. ఆర్థికశాఖలో ఉద్యోగియై తీరిక వేళల భౌతికశాస్త్రము పరిశోధించుచుండిన చంద్రశేఖర వేంకటరామన్‌ను 1917లో పాలిత్ ఆచార్యపీఠమునకు రప్పించెను. తక్కువ జీతమునకే రామన్ సమ్మతించెను. తెలుగు కుటుంబమున జన్మించి మైసూరులో బోధించుచుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో తత్త్వశాస్త్రపీఠమునకు పిలిపించెను. ఇరువురికిని విదేశపు పట్టములు లేవు. పరీక్షకుడు పత్రమును గాక మనిషిని చూచినచో నగరమునకు ఎంత మేలు కలుగునో దీనివలన తెలియును. అట్టి కన్ను నరేంద్రుడు అర్జీ యిచ్చిన కార్యాలయములలో లేకపోయెను.

ఒక రాత్రి గురుదేవుల ప్రేరణచే నరేంద్రుడు కాళీమందిరమున ప్రవేశించెను. సంసారకష్టములు తీర్పుమని అడుగదలచెను. మూడుమార్లు లోనికేగి, మూడుమార్లును వివేకవైరాగ్యములను, జ్ఞానభక్తులను మాత్రమే వేడి తిరిగి వచ్చెను. అతని ప్రార్థనపై గురుదేవులు, ఇంటివారికి సామాన్యమైన అన్నవస్త్రములకు లోటుండదని వరమిచ్చిరి. వరము లభించినదని అతడు ఇంట కూర్చుండలేదు. అటార్నీ కార్యాలయమున పనిచేసెను, కొన్ని పుస్తకములను అనువదించెను, విద్యాసాగరుల పాఠశాలా శాఖ యొకదానిలో కొంతకాలము బోధించెను. స్థిరమైన ఉద్యోగము ఆ పిమ్మటను దొరకలేదు. దొరికిన కూలితో తల్లికి, తమ్ములకు అన్నము పెట్టెను.