నాలుగు జవాబులలో నీది ఏది?

మన సంఘములోని ఒక చిన్నది పట్నములోని ఒక కంపెనీలో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినది. లెక్కల పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష అయిన తరువాత కంప్యూటరు మీద మరియొక పరీక్ష వచ్చినది. మీతో పనిచేయువాడు లెక్కలో పొరపాటు చేసి, పైవారికి చెప్పవద్దని బ్రతిమాలినాడు; మీరేమి చేయుదురు? వెంటనే మేనేజరుకు చెప్పుట, మీరే గుట్టుగా సరిదిద్దుట, అతనినే చెప్పుమనుట, మీ పని మీరు చూచుకొనుట: ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకొనవలెను.

ఆమె రెండేండ్లు ఎరువుల దుకాణములో లెక్కలు వ్రాసినది. అక్కడ సరిగా ఇదే జరిగినది. ఆ పొరపాటు చేసినవాని బిడ్డ ఆనాడు ఆసుపత్రిలో ఉన్నది. ఈమె రాత్రి పొద్దుపోవువరకు అతనితో కూర్చుండి తప్పును పట్టుకొని, తెల్లవారి ఇద్దరును కలిసి యజమానికి చెప్పిరి. ఆ జవాబు నాలుగింటిలో లేదు. దగ్గరగా తోచినది గుర్తుపెట్టినది. మూడు దినములకు, మీరు ఎంపిక కాలేదని వచ్చినది. కారణము లేదు.

“అయ్యగారూ, నేను చేసిందే పెట్టాను. అదే తప్పయిందా?” అని మమ్మును అడిగినది. ఆ జవాబువలననే పోయినదో, మరి దేనివలన పోయినదో మాకు తెలియదు. ఆమె పినతండ్రి కుమారుడు మాత్రము, “నీ సంగతి ఎవరడిగారక్కా? వాళ్లకు కావలసింది పెట్టాలి” అన్నాడు.

ఇట్టి పరీక్షలను మేము ఒక్కమాటతో కొట్టివేయము. మన పెద్దలు ఉద్యోగమునకు పోయినప్పుడు ఏ ప్రశ్న వినిరో ఎరుగుదుము. నీవు ఎవరి తాలూకు? ఎవరి ఉత్తరము తెచ్చితివి? కంప్యూటరు ఆ మాట అడుగదు. వేలమంది దరఖాస్తు పెట్టినచోట అందరిని కూర్చుండబెట్టి మాటలాడుటయు సాధ్యము కాదు. ఆ ఉద్యోగములో అనుభవమున్నవారిని అడిగి, వారిలో ఎక్కువమంది ఒప్పుకొన్న జవాబునకు ఎక్కువ మార్కులు పెట్టుదురు. అయితే వారు ఆ బిడ్డ తండ్రి ముఖము చూడలేదు. చదువు చెప్పించుకొని అభ్యాసము చేయగలవానికి ఆ పెద్దల మనసు ముందే తెలిసిపోవును. అది వేరొక చిక్కు.

బ్రిటన్‌లో యువవైద్యులను తొలి కొలువులకు పంపుటలో 2013 నుండి 2023 వరకు 50 మార్కులు ఇట్టి పరీక్షకే ఉండెను. 2024 నియామకములకు దానిని తీసివేసిరి. మన సివిల్ సర్వీసు ప్రిలిమినరీలో 2011, 2012, 2013 సంవత్సరములలో ఇట్టి ప్రశ్నలు కొన్ని వచ్చినవి. తక్కిన ప్రశ్నలలో తప్పునకు మార్కులు కోసినవారు వీటిలో కోయలేదు. 2013 నుండి మెయిన్స్‌లో నీతికి వేరుగా 250 మార్కుల పత్రము పెట్టిరి. అందులో అభ్యర్థి తాను ఏల అట్లు చేయునో తన మాటలలో వ్రాయును. మన చిన్నదానికి ఆ ఏలకు చోటు దొరకలేదు.

ద్రాక్షతోటకు పొమ్మని తండ్రి చెప్పిన ఇద్దరు కుమారుల సంగతి మీరెరుగుదురు. ఆనాడు తండ్రి కాగితము మీద పరీక్ష పెట్టియున్నయెడల, పోయెదనని చెప్పి పోనివానికే పూర్తి మార్కులు వచ్చియుండును. పోనని చెప్పి, తరువాత మనసు మార్చుకొని పోయినవాడు తప్పిపోయియుండును. చేయుదునన్నదానికిని చేసినదానికిని మధ్య ఎంత దూరమున్నదో ఏ కాగితము చెప్పలేదు.

ఆమెకు ఏమి చెప్పవలెనని మేము చాల ఆలోచించితిమి. ఈ ప్రశ్నలు రెండు విధములుగా నుండును. ఏమి చేయవలెను అని అడిగినది ఒకటి. అది తెలివిని అడుగుచున్నది. ఆ కొలువు పద్ధతి నేర్చుకొని దాని ప్రకారము వ్రాయుట అబద్ధము కాదు, పాఠము అప్పగించుటవంటిదే. నీవు ఏమి చేయుదువు అని అడిగినది రెండవది. అది నిన్నే అడుగుచున్నది. అక్కడ నీది కాని జవాబు పెట్టినయెడల, ఉద్యోగము నీకు వచ్చినను వారు తీసికొన్నది మరియొకరిని. ప్రశ్నలోని ఆ మాటను రెండుసార్లు చదువుకొమ్మని చెప్పితిమి.

ఆమె తలయూపినది. వచ్చే నెలలో మరియొక పరీక్ష ఉన్నది. ఆమె తండ్రికి మాత్రము మా మాట నచ్చలేదు. “అయ్యగారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. పిల్ల చదువుకు తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టేది నేను” అన్నాడు. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోతిమి.