స్వాతి చినుకు – ముత్తెపుచిప్ప

వైశాఖ శుక్ల చతుర్దశి శ్రీనృసింహ జయంతి. ఆ దినములలో ప్రదోషము దాటిన పిమ్మట తూర్పు ఆకసమున ఎత్తుగా, నారింజవన్నె కాంతితో ఒక పెద్ద తార కానవచ్చును. సప్తర్షి మండలపు తోక వంపును అట్లే పొడిగించినచో చూపు దానిమీదనే నిలుచును. అదియే స్వాతి. స్వామి అవతారముతో ముడివడిన నక్షత్రము. పెరియాళ్వారుల తిరునక్షత్రమును అదియే.

అది వ్యాసమున సూర్యునికి సుమారు 25 రెట్లు గల మహాతార యనియు, ఉపరితలము సూర్యునికంటె చల్లనిదగుటచే ఆ వన్నె కలిగినదనియు ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. దాని కాంతి మనలను చేరుటకు దాదాపు 37 సంవత్సరములు పట్టును.

ఈ సంఖ్య విన్నప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. ఇంచుమించు అన్ని యేండ్ల క్రిందట, పాఠశాలలో నా యొద్ద ఒక బాలుడు చదువుచుండెను. ఎంత వల్లించినను శబ్దములు అతనికి నిలువవు. అతని జన్మనక్షత్రము స్వాతి. ఒకనాడు విసిగి, తోటి పిల్లలు వినుచుండగా, "స్వాతి చినుకులన్నియు ముత్యములగునా?" అంటిని. అందరును నవ్విరి. మరునాటినుండి ఆ బాలుడు రాలేదు. నేనును పిలువనంపలేదు.

భర్తృహరి నీతిశతకమును ఏటేట పాఠము చెప్పినవాడను. కాలిన ఇనుము, తామరాకు, ముత్తెపుచిప్ప – పడిన నీరొక్కటియే, భేదమంతయు ఆశ్రయమునందే యని శిష్యులకు బోధించితిని. బాలుడు చినుకైనచో చిప్ప యెవరు? గురువు కాదా? ఆ ప్రశ్న నాకు నాడు తోచలేదు.

వానచినుకు ముత్యమగుట కవిసమయము. లోనికి చొరబడి బాధించుదానిని చిప్పలోని జీవి తన స్రావముతో పొరపై పొరగా కప్పగా ముత్యమేర్పడునని జీవశాస్త్రము చెప్పును. అట్లైనను తాత్పర్యము మారదు. ముత్యము చిప్ప యోర్పునకు ఫలము.

ప్రహ్లాదునిపై రాజు అలిగినప్పుడు, అది తాము నేర్పినది కాదనియు, బాలుని పుట్టుబుద్ధి యనియు గురుపుత్రుడు తప్పించుకొనెనని భాగవతము చెప్పుచున్నది. నేను చేసినదియు అంతకు భిన్నము కాదు. నక్షత్రము కాలమును తెలుపును. మన కర్తవ్యమునకు నెపము కారాదు.

ఈ రాత్రి నా కన్నులను తాకు స్వాతి కాంతి, నేనామాట అన్ననాడు బయలుదేరినదే కావచ్చును. బయలుదేరిన వెలుగు వెనుకకు మరలదు, మాటయు నంతే. బిడ్డలతో స్వామి సన్నిధికి వచ్చు తల్లిదండ్రులారా! మందుడని యే బిడ్డను జాతకమునకు విడిచిపెట్టకుడు. స్తంభమునందు వెలసిన స్వామి ఆ బిడ్డయందు లేడని యెట్లనగలము?