మన సంతోషం గడప దాటుతుందా?



మీ ఇంటి మనిషి ఎవరైనా దేశం కాని దేశంలో, చెయ్యని తప్పుకు జైల్లో పడ్డారా? పడకపోతే మంచిదే. పడి ఉంటే మాత్రం, ఆ మనిషి బయటికొచ్చిన రోజు మీరు మరిచిపోయి ఉండరు. ఆ రోజు గురించే ఈ నాలుగు మాటలు.

మాది జగిత్యాల వైపు ఊరు. గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ మా దగ్గర దొరకదు. మా మేనత్త కొడుకు, నాకు బావ, అక్కడ ఒక కంపెనీలో మేస్త్రీ పని చేసేవాడు. ఐదు నెలల జీతం ఆగింది. గట్టిగా అడిగిన కొద్దిమందిలో ఆయనొకడు. పాస్‌పోర్టులన్నీ యజమాని దగ్గరే ఉన్నాయి. అకామా గడువు తీరినా ఆ యజమాని రెన్యువల్ చేయించలేదు. పైగా వీళ్ళు పనిలోంచి పారిపోయారని పోలీసులకు రాసిచ్చాడు. రాత్రిపూట వచ్చి క్యాంపులో నిద్రపోతున్న వాళ్ళను పట్టుకెళ్ళారు. పారిపోయినవాడు కంపెనీ క్యాంపులోనే ఎందుకు నిద్రపోతాడు అని అడిగినవాళ్ళు లేరు.

ఏడు నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్ మోగింది. "అమ్మా, బయటికొచ్చిన" అన్నాడు బావ. మా అత్తమ్మ ఫోన్ చెవికి పెట్టుకునే కూలబడింది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఏడు నెలలుగా సరిగ్గా ఒక్క పూట కూడా తినని మనిషి, ఆ అర్ధరాత్రి పొయ్యి వెలిగించి ఇంటిల్లిపాదికీ అన్నం వండింది.

బావ ఇల్లు చేరిన రోజు వాడంతా మా వాకిట్లోనే ఉంది. సాయంత్రం ఒకామె వచ్చింది. రెండు సందుల అవతల ఇల్లు. ఆమె కొడుకు కూడా అదే క్యాంపులో, అదే రాత్రి పట్టుబడినవాడే. "మీవోడు వచ్చిండటగద వదినె. మావోని ముచ్చటేమన్న చెప్పిండా?" అని అడిగింది. అత్తమ్మ ఆమె చేతిలో లడ్డూ పెట్టి, "వస్తడు తియ్యి వదినె. ఎవరి కర్మ ఎట్ల రాసి ఉంటే అట్లయితది" అంది. ఆమె లడ్డూ తినలేదు. కొంగుకు కట్టుకుని వెళ్ళిపోయింది.

నేనక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. ఊళ్ళలో సభలు పెట్టి అన్యాయం గురించి మాట్లాడే మనిషిని, మా ఇంటి గడపలో మాత్రం నోరు పెగల్లేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ రోజు మా సంతోషం తప్పా?

తప్పు కాదు. కన్నకొడుకు జైలు నుంచి వస్తే సంతోషించవద్దని ధమ్మం చెప్పదు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అని నాలుగు గుణాలను పెంచుకోమంటుంది. వాటిలో ముదిత అంటే ఎదుటివారి సుఖం చూసి మనం సంతోషించడం. అయితే దానికి ఇద్దరు శత్రువులున్నారని ఐదో శతాబ్దపు బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో వివరిస్తాడు. దూరపు శత్రువు విముఖత, అంటే పక్కవాడి మేలు గిట్టకపోవడం. దాన్ని గుర్తుపట్టడం తేలిక. దగ్గరి శత్రువు ఇంటినే అంటిపెట్టుకున్న సంతోషం. అది చూడటానికి అచ్చం ముదితలాగే ఉంటుంది. అవే కన్నీళ్ళు, అదే నవ్వు. తేడా ఒక్కటే, అది గడప దాటదు. మా వాకిట్లో ఆ రోజు ఉన్నది అదే.

ఇక "కర్మ" అన్న మాట సంగతి చూద్దాం. ఆమె కొడుకు రాకపోవడానికి పూర్వజన్మలో చేసింది కారణమా? మనిషి అనుభవించే ప్రతి బాధా వెనకటి కర్మ ఫలమే అని కొందరంటున్నారు, నిజమేనా అని మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుడిని అడుగుతాడు. సంయుత్త నికాయంలో ఉంది ఈ సంభాషణ. అలా అనేవారు హద్దు దాటి మాట్లాడుతున్నారనే అర్థంలో బుద్ధుడు జవాబిస్తాడు. బాధకు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, వాతం, రుతువుల మార్పు లాంటివి వాటిలో ఉన్నాయి. కర్మఫలం ఎనిమిదిలో ఒకటి మాత్రమే. ఇతరులు మీద పడి చేసే హింస మరొకటి. దీనికి అర్థకథ ఇచ్చే ఉదాహరణ వినండి: ఒక మనిషిని దొంగ అని పట్టుకుని కొట్టడం. అంటే మా బావను, ఆమె కొడుకును పట్టుకెళ్ళడం లాంటిదే.

మొక్కు మాట కూడా అంతే. మా అత్తమ్మ కొండగట్టు అంజన్నకు మొక్కింది. ఆమె కూడా అదే అంజన్నకు మొక్కింది. మా మొక్కు ఫలించిందని మేమంటే, ఆమె మొక్కులో ఏదో లోపముందని చెప్పినట్టే కదా! మనకు తెలియకుండానే ఒక తల్లిని దోషిని చేస్తున్నాం.

ధమ్మం కారణాలు వెతకమంటుంది. వెతికితే మా ఇంటి కథలో దొరికినవి ఇవి. బావ పాస్‌పోర్టు జిరాక్సు అత్తమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని పట్టుకుని మేం తిరిగాం. అక్కడ జైళ్ళకు వెళ్ళి మనవాళ్ళ పేర్లు రాసుకొచ్చే ఒక తెలుగాయన నంబరు మాకు దొరికింది. ఆయన ద్వారా కాగితాలు రాయబార కార్యాలయానికి చేరాయి, ఔట్‌పాస్ వచ్చింది. ఆమె దగ్గర జిరాక్సు లేదు, నంబరు లేదు. ఆ నంబరు మా దగ్గర నాలుగు నెలలుగా ఉంది. రెండు సందుల అవతలికి తీసుకెళ్ళి ఇవ్వాలని మాలో ఎవరికీ తట్టలేదు. దాన్ని "రాసి ఉండటం" అని ఎలా అంటాం?

ఇది మా వాడకే పరిమితమైన సంగతి కాదు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. మనమంతా సంతోషించాం. ఆ తర్వాత ఆ కథ సినిమా కూడా అయింది. నీళ్ళ మీద గీత కనిపించదు. పైగా సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడో రెండు దేశాలూ ఇంతవరకు తేల్చుకోలేదు. ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల చట్టం మీరిన పరాయి జాలరికి, ఇరుదేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయరాదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణ చెబుతోంది. అయినా జాలర్లు జైళ్ళకు వెళుతూనే ఉన్నారు.

2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక జాబితా కాదు, రెండు. మన జైళ్ళలో ఉన్న పాకిస్తాన్ జాలర్ల పేర్లు రెండోదానిలో ఉంటాయి. కరాచీ తీరంలో ఒక తల్లి కూడా ఆ కాగితం కోసమే ఎదురుచూస్తుంది. మనవాళ్ళు వచ్చినప్పుడు మనకు కలిగిన సంతోషం ఆమె దాకా వెళ్ళిందా? వెళ్ళకపోతే మన గడప కాస్త పెద్దదైంది, అంతే. దాన్ని మనం ఇంకా దాటలేదు.

కాబట్టి మిత్రులారా, మీ మనిషి విడుదలైన రోజు పండుగ చేసుకోండి. కానీ ఆ రోజే, వీలైతే మిఠాయి పంచకముందే, రానివాడి ఇంటికి వెళ్ళండి. వచ్చిన మనిషి చేత చెప్పించండి: ఏ జైలు, ఏ గది, చివరిసారి ఎప్పుడు చూశాడు, ఒంట్లో ఎలా ఉంది. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు రాసి పెట్టండి. ఆ తల్లికి చదువు రాకపోతే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో మీరే ఫిర్యాదు నమోదు చెయ్యండి. మీకు సాయం చేసినవాళ్ళ నంబరు ఆమెకివ్వండి. ఆ కొంచెం శ్రమలోనే ముదిత కూడా అలవడుతుంది.

ఆమె కొడుకు పద్నాలుగు నెలల తర్వాత వచ్చాడు. ఆ సంగతి మాకు వారం దాకా తెలియదు. తెలిసిన రోజు అత్తమ్మ వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. మిఠాయి ఏమీ పట్టుకెళ్ళలేదు. చాలాసేపు వాకిట్లో కూర్చుంది. చివరికి, "నంబరు మా కాడ ఉండె వదినె" అంది.

ఆమె ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకొచ్చి మా ముందు పెట్టింది.

జై భీమ్. నమో బుద్ధాయ.