బదరీనాథుని శీతకాలము

శ్రీవైష్ణవులు నిత్యము అనుసంధించు తిరుమంత్రమునకు జన్మస్థలము బదరికాశ్రమము. నారాయణుడే గురువై, నరుడు శిష్యుడై, అష్టాక్షరి అచటనే లోకమునకు వెలువడెనని పూర్వాచార్యుల సంప్రదాయము. నూట ఎనిమిది దివ్యదేశములలో ఒకటియైన ఆ క్షేత్రము 3,100 మీటర్లకు పైబడిన యెత్తున, అలకనందా తీరమున నున్నది. తెలుగునాట ఆలయములలో రాత్రి ఏకాంతసేవ జరిగి, తెల్లవారుజామున సుప్రభాతముతో తలుపులు తెరువబడును. బదరిలో ఆ రాత్రి ఆరు నెలలు!

విజయదశమినాడు ద్వారములు మూయు ముహూర్తమును, వసంతపంచమినాడు నరేంద్రనగర రాజభవనమున తెరచు ముహూర్తమును నిర్ణయింతురు. మంచు ముసురుకొను వేళకు ఉద్ధవ కుబేరుల మూర్తులు పాండుకేశ్వరమునకు దిగివచ్చును. చెంతనున్న మాణా గ్రామవాసులును దిగువ పల్లెలకు తరలిపోవుదురు. ఆ కాలమున స్వామిని నారదమహర్షి అర్చించునని విశ్వాసము.

వసంతపంచమినాడు ముహూర్తము తెలిసినంతనే కొందరికి తొందర పుట్టును. ఇచట మామిడి పూతకు వచ్చి, ఎండ చురుక్కుమను మాఘ ఫాల్గునములలో హిమాలయమునందును చలి తగ్గియుండునని తలచుట సహజము. వాస్తవము వేరు. పడమటి నుండి వచ్చు వాతావరణపు అలజడుల వలన శీతకాలము తుదిలోను అచట భారీగా మంచు కురియును. గట్టిపడిన పాతమంచుపై కొత్తమంచు అతుకక నిలిచి, పగటి యెండకు సడలి, కొండవాలు నుండి ఒక్కమారుగా జారిపడును. పగలు కరగిన నీరు రాత్రి బాటపై గాజుపలకవలె గడ్డకట్టును. దానిపై బండిచక్రమునకు గాని, మనిషి పాదమునకు గాని పట్టు దొరకదు.

2025 ఫిబ్రవరి 28న మాణా సమీపమున, సరిహద్దు రహదారిపై మంచు తొలగించు కార్మికుల శిబిరముపై మంచుచరియ విరుచుకొనిపడెను. 54 మంది చిక్కుకొనిరి. సైనికులు, సహాయకులు మంచు త్రవ్వి 46 మందిని కాపాడిరి. ఎనిమిదిమంది అసువులు బాసిరి. ఆ యేడు మే 4న ఆలయద్వారములు తెరువబడినవి. గోవిందనామము పలుకుచు కొండనెక్కిన యాత్రికులలో ఎందరికి ఆ యెనమండుగురు తలపునకు వచ్చిరో! వారు పనిచేసిన బాట ఆలయమునకు ఆవలిది కావచ్చును. కాని బదరి బాటను ఏటేట మంచునుండి విడిపించువారును అట్టి కూలివారే. అది కైంకర్యము గాక మరేమి?

తిరుమంత్రమునందలి ‘నమః’ పదమునకు ‘నాది కాదు’ అని ఆచార్యులు అర్థము చెప్పిరి. తన స్వాతంత్ర్యమును విడుచుటయే దాని సారము. బాట మూసితిమని అధికారులు చెప్పిననాడు వారితో వాదులాడి, డ్రైవరుకు అదనపు సొమ్ము ఆశచూపి, ‘స్వామియే కాపాడును’ అని బయలుదేరుట విశ్వాసమువలెనే కనబడును. అందు స్వామిచిత్తము కంటె తన సెలవుదినముల లెక్కయే పెద్దది. అట్టివాడు మంచున చిక్కినచో, వానిని వెదకుటకు మరియొక తల్లి బిడ్డ అందులోనికి దిగవలెను.

వార్ధక్యము రాకమునుపే బదరిని సేవింపుడని తిరుమంగై ఆళ్వారు చెప్పిన మాటను ఇట్టివారు ముందుకు తెత్తురు. ఆళ్వారు పొమ్మన్నది మోకాళ్ళలో సత్తువ ఉండగానే. తలుపులు తెరువకమునుపే కాదు. ఆ నెలలలోనే ఆ సీమను సేవింపగోరువారికి పాండుకేశ్వరమున యోగధ్యానబదరి, జోషీమఠమున నృసింహస్వామి సన్నిధి కలవు. అచటికైనను బాట భద్రమని తెలిసినపిమ్మటనే కదలవలెను.

ద్వారములు మూయునాడు జరుగు ఒక ఉపచారము శ్రీవైష్ణవుల మనస్సును కరగించును. యాత్రాకాలమున అమ్మవారు ప్రాంగణమున వేరు సన్నిధిలో నుండును. మూయువేళ, ఆమెకు బావగారి వరుసయైన ఉద్ధవుని ముందుగా వెలుపలికి వేంచేపు చేయుదురు. పిమ్మట ప్రధానార్చకుడగు రావల్ చెలికత్తె వేషము ధరించి, అమ్మవారిని గర్భగృహమునకు తోడ్కొనివచ్చి స్వామి సరసన వేంచేపు చేయును. భక్తులు వచ్చు నెలలలో వేరుగానున్న తల్లి, వారు రాలేని నెలలలో స్వామి చెంతనే యుండును. పురుషకారము ఆమెదేయని నమ్మినవారికి ఇంతకంటె ఊరట కావలెనా? దూరమున నిలిచిపోయిన బిడ్డల మాట స్వామి చెవిని వేయుటకు ఆమెకు తీరిక దొరకునది ఆ మంచుకాలముననే.

ఆపైన మాణా స్త్రీలు నేసిన ఉన్నికంబళిని నేతితో తడిపి స్వామికి కప్పి, దీపమును వెలిగించి, తలుపులు మూయుదురు. ఆరు నెలలకు తెరచిన ఉదయమున ఆ కంబళిని పరికించి చూతురు. నేయి ఎండక యున్నచో ఆ యేడు సుభిక్షమని అచటివారి నమ్మకము.