ఊరికే కూర్చోవడం

కలకత్తాలో ఫుచ్కా నిలబడి తినేది, చాయ్ కూర్చుని తాగేది. సాయంత్రం ఐదు దాటాక ఏ మలుపు దగ్గర చూసినా ఫుచ్కా బండి చుట్టూ ఆడవాళ్లే ఎక్కువ. కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి ఇళ్లకు మళ్లినవాళ్లు, ట్యూషన్ నుంచి పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లులు. చేతిలో ఆకు దొప్ప పట్టుకుని వరసగా నిలబడతారు. బంగాళాదుంప, శనగలు, పచ్చిమిర్చి కలిపిన ముద్దని పూరీలో కూరి, చింతపండు నీళ్లలో ముంచి, ఒక్కొక్కటే దొప్పలో వేస్తాడతను. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ఇంకొంచెం కారం వెయ్యమంటారు. చివర్న ఒకటి ఊరికే ఇవ్వాలి. దాన్ని 'ఫావు' అంటారు, అచ్చంగా మన కొసరే. కొసరు అడగని ఆడమనిషి నాకు కనిపించలేదు. పది నిమిషాల్లో అంతా అయిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. నాలుగడుగుల అవతల టీకొట్టు బెంచీ మీద మాత్రం మగవాళ్లుంటారు. మట్టి ముంత ఖాళీ అయి గంటైనా లేవరు. లేవమని ఎవరూ అనరు కూడా.

ఇలా లేవకుండా కూర్చోవడానికి బెంగాలీలో గొప్ప పేరుంది, అడ్డా అని. మన హైదరాబాదులో అడ్డా అంటే కూలీలు పని కోసం పొద్దున్నే నిలబడే చోటు. అక్కడ పని ఊసే లేకుండా గంటల తరబడి మాట్లాడుకోవడం. దీపేశ్ చక్రవర్తి 2000లో వచ్చిన 'ప్రొవిన్షియలైజింగ్ యూరప్' పుస్తకంలో ఈ అడ్డాకి ఒక అధ్యాయమే కేటాయించారు. అది ప్రధానంగా మగవాళ్ల లోకమన్న సంగతి ఆయన దాచలేదు. కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ అడ్డా మీద మన్నా డే పాడిన పాట వినని బెంగాలీ ఉండరేమో. అందులో పాత మిత్రులందరూ ఏమయ్యారో చెప్తారు. మగవాళ్లలో ఒకరు పారిస్ చేరారు, ఒకరు ఢాకా, ఒకరు సమాధిలో ఉన్నారు, ఒకరు కేన్సర్‌తో బాధపడుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె ప్రేమలో దెబ్బతిని పిచ్చాసుపత్రి పాలైంది. రెండో ఆమె లక్షాధికారి భార్యై నగలతో సుఖంగా ఉంది. మగవాళ్ల కథలు ఎన్ని రకాలో! ఆడవాళ్లకి మాత్రం రెండే దారులు, రెండూ ఎవరో ఒక మగవాడి మీదుగా పోయేవే.

మన అరుగుల మీద ఆడవాళ్లు కూర్చోలేదా అనొచ్చు. ఎందుకు కూర్చోలేదు? మా అమ్మమ్మ మధ్యాహ్నాలన్నీ అరుగు మీదే గడిచాయి. కానీ ఆమె చేతిలో చేటో, పూలదండో, దీపం ఒత్తులకి దూదో లేని మధ్యాహ్నం ఒక్కటీ నాకు గుర్తులేదు. చేతులు ఖాళీగా కనిపిస్తే చాలు, దారినపోయేవాళ్లు కూడా "ఏం, ఇవాళ పనేం లేదా?" అనేవాళ్లు. విశ్రాంతికి కూడా పని వేషం కట్టాల్సిందే. నేను బస్టాపుల్లో, క్యాంటీన్లలో పుస్తకం తెరిచి కూర్చునేది చాలాసార్లు చదవడానికి కాదు. ఆ పుస్తకమే నా చేట.

మగవాళ్ల అడ్డా ఇంట్లో ఆడవాళ్ల చాకిరీ మీద నిలబడిందని మనం ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉన్నాం. మరి మనం కూర్చుంటే అది దేని మీద నిలబడుతుంది?

అక్కడ నాకొక స్నేహితురాలున్నారు, రిటైరైన అధ్యాపకురాలు. నేను దీదీ అంటాను. ఆవిడ నన్నొక కొత్తరకం కేఫ్‌కి తీసుకెళ్లారు. వీధి తిండినే నాలుగు గోడల మధ్యకి తెచ్చి అమ్మే చోటు. గోడ మీద ట్రాం బొమ్మ, చెక్క బెంచీలు, మట్టి ముంతల్లో చాయ్, కాగితం పొట్లంలో ఝాల్‌మూరీ. (బొరుగుల్లో ఆవనూనె ఘాటు తగ్గించేశారు, అది నాకు నచ్చలేదు.) ఫుచ్కా ప్లేటుకి లెక్కగా ఆరు. కొసరు లేదు. అయితే సగం బల్లల దగ్గర ఆడవాళ్లే. ఒకమ్మాయి ఒక్కతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు, ఫోను కూడా లేదు. ఆ పిల్లని చూస్తుంటే నాకు ఎంత హాయిగా అన్పించిందో చెప్పలేను.

"మనం డబ్బులిచ్చేది చాయ్‌కి కాదు, అదిగో, ఆ తలుపుకి" అన్నారు దీదీ, బాత్రూం వైపు చూపిస్తూ. నవ్వుతూనే అన్నారు గానీ నేను నవ్వలేకపోయాను. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబై గురించి 2011లో తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం, ఆడవాళ్లకి కావల్సింది రక్షణ పేరుతో కాపలా కాదని, ఏ కారణమూ చెప్పకుండా బయట తిరగగలిగే హక్కని వాదిస్తుంది. మరుగుదొడ్ల సంగతిని చిన్న విషయమని పక్కన పెట్టకపోవడం ఆ పుస్తకంలో నాకు నచ్చిన గుణం.

2024 ఆగస్టు 9న ఇదే నగరంలో, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ గదిలో నడుం వాల్చిన యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకి గురైంది. 14 అర్ధరాత్రి వేలమంది ఆడవాళ్లు రాత్రి మాది కూడా అంటూ వీధుల్లోకొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన చర్యల్లో ఒకటేమిటంటే, వీలైనంతవరకూ ఆడవాళ్లకి రాత్రి డ్యూటీలు వెయ్యొద్దని. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అలసిపోయిన మనిషి పడుకునేందుకు భద్రమైన గది ఏర్పాటు చెయ్యడం కన్నా ఆ మనిషిని ఇంటికి పంపెయ్యడం తేలిక కాబోలు! ఆ అర్ధరాత్రి దీదీ జాదవ్‌పూర్ 8బి బస్టాండు దగ్గర రోడ్డు మీద కూర్చున్నారట. "ముప్ఫై ఏళ్లు అక్కడ నిలబడ్డాను. కూర్చోవడం అదే మొదటిసారి" అన్నారు.

కేఫ్‌లో దొరికే స్వేచ్ఛ ఉత్తుత్తిదని నేననను. కిటికీ దగ్గరి అమ్మాయికి అది నిజమే. కానీ బిల్లు 320 రూపాయలైంది. ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో రోజుకూలీని 2023 జూన్‌లో పెంచితే 250 అయింది. ఆ ఆకు కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల కూలీ పెరగనంతకాలం మనం కూర్చోకూడదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ మాట మగవాళ్ల బెంచీని ఎవరూ అడగలేదు. అలాగని ఆ రెండంకెలూ నా మనసులోంచి పోవు.

మర్నాడు బయట టీకొట్టు బెంచీ మీదే కూర్చుందామన్నాను. మగవాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు. ఎవరి కోసమైనా చూస్తున్నారా అని కొట్టతను రెండుసార్లు అడిగాడు. లేదు, ఊరికే అన్నారు దీదీ. అతని భార్య వెనకాల గొంతుక్కూర్చుని అల్లం దంచుతోంది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఆమె అక్కడే ఉంటుంది. రోజుకెన్ని చాయ్‌లు తాగుతుందో అడగమన్నాను దీదీని. ఆమె నవ్వింది. పొద్దున్నే ఇంటి దగ్గర ఒకటి, మళ్లీ రాత్రి ఇంటికెళ్లాకేనట. మంచినీళ్లు కూడా అంతేనట. ఇక్కడ తాగితే ఎక్కడికి వెళ్లాలి అని, గడ్డంతో ఎదురుగా ఉన్న గోడ చూపించింది. గోడ దగ్గర అప్పటికే ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు.