మడతకు లొంగి, గీతకు లొంగని పూత

పాలకొల్లు కొబ్బరి మార్కెట్‌లో గాలిలోనే పీచు ఉంటుంది. కాయ ఒలిచిన చేతికి పొట్టు, కురిడీ పట్టిన వేలికి నూనె, నరసాపురం కాలువ మీదుగా వచ్చే చెమ్మ. ఆ చేతుల్లోనే ఇప్పుడు మడత ఫోన్లు కనబడుతున్నాయి. లారీకెత్తే లోడు ఫొటో తీసుకుని, టక్కున ముడిచి జేబులో వేసుకుంటాడు వ్యాపారి. అద్దాన్ని మడిచి జేబులో వేసుకోవడం! ఎన్నిసార్లు చూసినా నాకు ఈ అబ్బురం తీరదు.

అందరూ తెర మీది రంగుల్ని పొగుడుతారు. నా నమస్కారం మాత్రం ఆ రంగుల పైనున్న పూతకు. కనబడకుండా ఉండటమే దాని గొప్ప. ఫోన్ ఆపేసి, కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. నడిమధ్య సన్నటి పల్లం. అక్కడ వెలుగు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. వేలు పోనిస్తే చిన్న దిగుడు తగులుతుంది. తెర వెలిగిందా, అదీ ఎక్కడికో పోతుంది.

గాజు వంగదంటారు గానీ, పలచనైతే గాజూ వంగుతుంది. రేకును వంచినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. మందం సగం చేస్తే, అదే వంపులో ఆ సాగుడూ సగమే. 2020లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో గాజు మందం 30 మైక్రాన్లు, మన తలవెంట్రుకలో దాదాపు సగం. అంత పలచని గాజు పగలకుండా దాని మీద మళ్లీ మెత్తని ప్లాస్టిక్ పొర.

అంతకు ముందు ఏడాది వచ్చిన మొదటి గెలాక్సీ ఫోల్డ్‌కు గాజే లేదు. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ రేకు అద్దం పని చేసింది. దాన్ని తీసే తీరు చూస్తే గోదావరి అవతల ఆత్రేయపురం గుర్తొస్తుంది. అక్కడ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పైన ఒక్కసారి లాగుతారు. కన్నుమూసి తెరిచేలోగా పూతరేకు లేస్తుంది. ఇదీ అంతే, పలచని ద్రావణాన్ని సమంగా పరిచి, వేడి చూపించి, ఆరిన పొరను రేకుగా ఒలుస్తారు. మామూలు పాలీఇమైడ్ తేనె రంగులో ఉంటుంది. అణుగొలుసులు ఒకదానికొకటి దగ్గరగా చేరి నీలి వెలుగును మింగేస్తాయి. ఆ గొలుసుల్లో ఫ్లోరిన్ ముక్కలు చేర్చి వాటిని ఎడంగా నిలబెట్టారు. పసుపు విరిగి, రేకు నీళ్లలా తేటపడింది. ఈ ఒక్క ఉపాయానికే రసాయన శాస్త్రవేత్తల చేతులు కళ్లకద్దుకోవాలనిపిస్తుంది.

రేకు తేటపడినా గోరు తగిలితే గీత పడుతుంది. అందుకే దాని మీద గట్టి పూత. గట్టిదనం ఎక్కువైతే మడత దగ్గర పెళుసెక్కి చిట్లుతుంది. మెత్తదనం ఎక్కువైతే గీత ఆగదు. సిలికాన్, ఆక్సిజన్ అల్లికలో సాగే కర్బన గొలుసులు కలిపి రెండు గుణాల్నీ ఒకే పొరలో కూర్చారు. ఎంత గట్టిదో చూడ్డానికి పెన్సిల్‌ను 45 డిగ్రీల వాలులో నొక్కి లాగుతారు. బడిపిల్లల పెన్సిలే ఇక్కడ పరీక్షాధికారి! ఈ కుటుంబానికే చెందిన పూతల్ని కళ్లద్దాల మీద, ప్లాస్టిక్ మీద గీతలు పడకుండా వేసే విద్యను హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ సోల్-జెల్ పూతల కేంద్రం ఏళ్లుగా సాధన చేస్తోంది. మన నేల మీద ఈ పని జరుగుతున్నందుకు గర్వంగా ఉంటుంది.

తెరకు అసలు శత్రువు చెమ్మ. మడిచే తెరలు ఓఎల్‌ఈడీవి. నీటి ఆవిరి సోకిన చోట వెలుగు చచ్చి నల్లమచ్చలు పుడతాయి. చదరపు మీటరుకు రోజంతటిలో గ్రాములో పదిలక్షో వంతు ఆవిరి కూడా దాటకూడదన్నది వీటికి పెట్టుకున్న గీటురాయి. వరిచేలూ చెరువులూ కాలువలూ చుట్టుకున్న మన ఊళ్లో ఆ లెక్క వింటే గుండె ఝల్లుమంటుంది. దీనికోసం లోపల గాజులాంటి పొర, ప్లాస్టిక్ పొర మార్చి మార్చి వేస్తారు. ఒక పొరలో సన్నటి రంధ్రం ఉన్నా, దాని ఎదురుగానే పై పొరలో మరొకటి ఉండదు. దారి తెలియక ఆవిరి తిరుగుతూనే ఉంటుంది.

ఈ పొరల సంగతి తెలియక, 2019లో ఫోల్డ్‌ను ముందుగా పరీక్షకు అందుకున్న కొందరు పై పొరను మామూలు స్క్రీన్ గార్డ్ అనుకుని ఒలిచేశారు. తెరలు పాడయ్యాయి, ఏప్రిల్‌లో రావాల్సిన ఫోన్ సెప్టెంబర్‌కి గానీ రాలేదు. కాబట్టి మడత ఫోన్ చేతిలో ఉన్నవారికి ఒక్క మనవి. కంపెనీ అంటించిన ఆ పొరను పీకకండి. ముడిచే ముందు పీచూ ఇసుకా మెత్తటి గుడ్డతో తుడవండి. మడత దగ్గర బుడగ లేస్తే సొంతంగా సర్దబోకుండా సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి పొర మార్పించుకోండి.