లేమి చెప్పే సాక్ష్యం

ఒకటి లేకపోతే మరొకటి జరగదని చూసి కారణాన్ని పట్టుకోవడాన్ని తర్కంలో వ్యతిరేకం అంటారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇలాంటి లేమిని, అంటే అభావాన్ని, ఏడో పదార్థంగా లెక్కించాడు. పిండశాస్త్రానిదీ ఇదే దారి. కణం పైపొరలోని కొన్ని గ్రాహకాలు జతకూడితేనే సంకేతం లోపలికి చేరుతుంది. లోపలి భాగం తెగ్గోసిన గ్రాహకం మంచిదానితో జతకట్టి దాన్నీ పనిచేయనివ్వదు. 1991లో ఎఫ్‌జీఎఫ్ అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని అలా తెగ్గోసి పెట్టిన జెనోపస్ కప్ప పిండాల్లో తల ఏర్పడింది కానీ మొండెం, తోక సరిగా రాలేదు. మరుసటి ఏడాది యాక్టివిన్ అనే మరో సంకేతపు గ్రాహకాన్ని ఇలాగే తెగ్గోసినదానితో అడ్డుకుంటే, చర్మం కావలసిన కణాలు నాడీకణాలయ్యాయి. మరి అభావం కారణం కాగలదా? ప్రతిబంధకం, అంటే అడ్డంకి, లేకపోవడమూ కారణమేనన్న నైయాయికుల (న్యాయశాస్త్ర తార్కికుల) మాటకు ఇంతకన్న గట్టి ఉదాహరణ దొరకడం కష్టం. అయితే ఆ తెగిన గ్రాహకం బీఎంపీ అనే వేరొక సంకేతాన్నీ ఆపుతుందని తరవాత తేలింది. నాడీకణాలు పుట్టింది ముఖ్యంగా ఆ బీఎంపీ సంకేతం లేమి వల్లే.